రెండు కొడితే నీళ్లు

ఆ రోజు ఉదయం పది గంటలకు రేపల్లెలోని ఆ ఇంట్లో ఉన్న మనుషులు ముగ్గురు: పెదనాన్న, పెద్దమ్మ, నేను. ముందు బాత్రూములో నేల మీద పరిచిన పాత దినపత్రిక పైన ఉన్న వస్తువులు: పైపు రెంచీలు రెండు, హాక్సా ఒకటి, దానికి విడి బ్లేడ్లు మూడు, వైరు బ్రష్షు, కిరసనాయిలు సీసా, నూలు దారం ఉండ, నీరు కారకుండా పైపు మరకు పూసే సఫేదా డబ్బా, తెనాలి నుంచి తెచ్చిన కొత్త గేటు వాల్వు, గుడ్డ చుట్టిన చెక్క బిరడా, నా నోటు పుస్తకం, పెన్సిలు. చేతి గడియారం తడవకుండా తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. తల తిప్పితే టైము కనిపించేలా పెట్టాను.

అది తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం. నేను బాపట్లలో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి నెల దాటింది. మా నాన్న అడవులదీవిలో పొలం చూసుకునేవాడు. అక్కడ హైస్కూలు చదువు కుదరక నన్ను ఎనిమిదో తరగతిలోనే రేపల్లె పంపించాడు. అప్పటినుంచీ పెదనాన్న ఇల్లే నా ఇల్లు. వాళ్లకు పిల్లలు లేరు. పెదనాన్న మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చేతికి గడియారం ఎప్పుడూ లేదు. బడి గంట ఆయన చెప్పినప్పుడు మోగేది కాబట్టి అవసరం లేదనేవాడు.

ఆ ఏడాది మార్చిలో ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. తెనాలి తీసుకెళ్లాం. నాలుగు రోజులు ఉంచుకుని పంపించేటప్పుడు డాక్టరు మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, మాత్ర మానకూడదు. రెండు, మెట్లు ఎక్కకూడదు. మూడు, బరువు ఎత్తకూడదు.

"నీళ్ల బకెట్టు కూడానాండి?" అని పెద్దమ్మ అడిగింది.

"ముఖ్యంగా బకెట్టేనమ్మా. ఇంకోసారి నొప్పి వస్తే ఎంత తొందరగా తీసుకొస్తే అంత మంచిది" అన్నాడు డాక్టరు.

మొదటి రెండూ ఆయన పాటించాడు. మూడోది ఆయన చేతిలో లేదు, ఆ ఇంటి పైపుల చేతిలో ఉంది. అందుకే వాల్వు మార్చే పని నేను పెట్టుకున్నాను.

ఆ పైపుల సంగతి చెప్పాలి. ఇల్లు కట్టిన చాలా ఏళ్లకు డాబా మీద చిన్న సిమెంటు తొట్టి కట్టించారు. దాని నుంచి దిగిన ఇనప పైపు ముందు బాత్రూములోకి వచ్చి, అక్కడి నుంచి గోడ వెంబడి పెరటి చివరున్న వెనక బాత్రూము దాకా వెళ్తుంది. ముందు బాత్రూము పెద్దమ్మది, నాది. వెనకది పెదనాన్నది. వెనకకు వెళ్లే నీళ్లను ఆపే వాల్వు మాత్రం ముందు బాత్రూములో, తల ఎత్తున ఉంది. మేస్త్రి అలా ఎందుకు పెట్టాడో ఎవరికీ తెలియదు. ఆ వాల్వు నుంచి వెనక బాత్రూము కుళాయి దాకా పైపు పొడవు నలభై రెండు అడుగులు. నేనే కొలిచాను.

ఎండాకాలం కాలువలు కట్టేశాక మున్సిపాలిటీ కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది. తొట్టిలోని నీళ్లు జాగ్రత్తగా వాడుకోవాలి. అందుకని ఆ వాల్వు ఎప్పుడూ కట్టేసి ఉంచాలని పెదనాన్న నియమం. తాను స్నానానికి వెళ్లినప్పుడు పెరటి చివర నుంచి కేకలు వేయడం ఆయనకు ఇష్టం లేదు. ముప్పై ఏళ్లు గంటతో పని జరిపించిన మనిషి కదా, పైపును గంట చేసుకున్నాడు. ఇత్తడి చెంబుతో పైపు మీద రెండు కొడితే నీళ్లు వదలాలి. మూడు కొడితే కట్టేయాలి. ఒకటి కొడితే సరే, అందింది అని. ఇవతలి నుంచి మేము కొట్టినా లెక్క అదే. నీళ్లు ఇప్పుడు లేవు, ఆగండి అని చెప్పాలన్నా మూడే. నేను ఎనిమిదో తరగతిలో ఆ ఇంటికి వచ్చిన మొదటి రోజే నాకు ఇది నేర్పి, అప్పజెప్పించుకున్నాడు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

ఆ ఎండాకాలం వాల్వు చెడింది. లోపలి పలక అరిగిపోయి చక్రం ఎంత తిప్పినా పూర్తిగా మూసుకునేది కాదు. కాడ దగ్గర నుంచి రాత్రీ పగలూ నీరు కారేది. కింద బకెట్టు పెడితే ముప్పావు గంటకు నిండేది. తెల్లారేసరికి తొట్టి ఖాళీ. అప్పుడు పెదనాన్న పెరట్లోని బోరింగు కొట్టి, ఆ ఉప్పు నీళ్లే బకెట్టులో పట్టుకుని, మోసుకుంటూ వెనక బాత్రూముకు వెళ్లేవాడు. నేను బాపట్ల నుంచి వచ్చేదాకా ఇలాగే జరిగిందని పెద్దమ్మ నాకు తర్వాత చెప్పింది. తాను మోస్తానంటే ఒప్పుకునేవాడు కాదట. నేను వచ్చాక నేను మోసేవాణ్ణి. నేను బజారుకు వెళ్లిన పూట మాత్రం ఆయనే మోసుకునేవాడు. నేను తిరిగొచ్చేసరికి బోరింగు దగ్గర నేల తడిగా ఉండేది, ఆయన ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ ఉండేవాడు.

పాత మేస్త్రిని పిలిపిద్దామంది పెద్దమ్మ. నేను వద్దన్నాను. అలాంటి పైపు బిగించడం మూడేళ్లు నేర్చుకున్నాను, దానికి మేస్త్రి ఎందుకని. కొత్త వాల్వు కోసం తెనాలి వెళ్లాను. రేపల్లెలో దొరికేవి నాసిరకమని నా అభిప్రాయం. దుకాణాయన నేను అడిగిన సైజు, రకం, మర అన్నీ విని, వాల్వు కాగితంలో చుడుతూ నా వైపు చూశాడు.

"చదువుకున్నట్టున్నారు. ఇదివరకు పాత ఇంట్లో పైపు విప్పారా ఎప్పుడన్నా?"

కాలేజీలో విప్పామని చెప్పాను.

"కాలేజీ పైపు మాట వింటదండి. పాతింటి పైపు వినదు. మేస్త్రిని పెట్టుకోండి తమ్ముడూ" అన్నాడు.

నేను నవ్వి వాల్వు అందుకున్నాను. బస్సులో నోటు పుస్తకం తీసి పని వరసగా రాసుకున్నాను. కాలేజీ వర్క్‌షాపులో మాకు ఒక అలవాటు చేశారు. ఏ పనికైనా ఒక కాగితం ఉండాలి. మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, మధ్యలో వచ్చిన ప్రతి అంతరాయం, దాని టైము అందులో రాయాలి. రాయకపోతే పని సరిగ్గా చేసినా మార్కులు లేవు. వాల్వు మార్చడానికి నేను వేసిన అంచనా యాభై అయిదు నిమిషాలు.

ఆ రోజు ఉదయం వరండాలో కూర్చుని పెదనాన్న అడిగాడు, ఎంతసేపు పడుతుందని.

"గంట. పదకొండుకల్లా నీళ్లు వదులుతాను పెదనాన్నా."

"పదకొండంటే పదకొండేనా, రేపల్లె రైలు పదకొండా?"

"పదకొండే."

"చూద్దాం. పదకొండు దాటాక లోపలికెళ్లి రెండు కొడతాను. నీళ్లు రాలేదనుకో, నీ డిప్లొమాని బాపట్ల తిరిగి పంపించేస్తాను" అన్నాడు.

బకెట్టు మాత్రం ముట్టుకోవద్దని నేను చెప్పాను. సరేనన్నట్టు చెయ్యి ఊపి మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. ముందుగా ఒక బకెట్టు నింపి వెనక బాత్రూములో పెట్టి ఉంచడం నా వరసలో లేదు. పదకొండుకు నీళ్లు వస్తాయి కదా అనుకున్నాను.

పది అయిదుకు మొదలుపెట్టాను. డాబా ఎక్కి తొట్టి అడుగున రంధ్రానికి చెక్క బిరడా కొట్టాను. పది ఇరవైకి పైపు ఖాళీ అయింది. అక్కడిదాకా అంతా కాగితం ప్రకారమే జరిగింది. పాత వాల్వుకు రెంచి వేసి తిప్పితే కదల్లేదు. ఉప్పు గాలికీ ఉప్పు నీళ్లకీ పైపూ వాల్వూ ఒకే ముద్దగా తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగాను. రెండు రెంచీలు వేసి బలంగా లాగితే వాల్వు వచ్చింది, కానీ బిగించే చుట్లున్న దాని మర ముక్క ఒకటి విరిగి పైపు చివర ఇరుక్కుపోయింది. దాన్ని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి కొద్దికొద్దిగా కోసి తీయాలి. పైపు మర పాడవకూడదు. పాడైతే గోడ పగలగొట్టాల్సిందే. నా అంచనాలో ఈ పని లేదు.

పదకొండు పదికి పైపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. వినిపించడం కంటే ముందు నా చేతికి తెలిశాయి. ఎడం చేత్తో నేను పట్టుకున్నది ఆ పైపునే. నేను రెంచితో మూడు కొట్టాను. నోటు పుస్తకంలో టైము రాశాను.

పదకొండు పదిహేనుకు మళ్లీ రెండు. మళ్లీ మూడు కొట్టాను.

వంటింట్లో నుంచి పెద్దమ్మ అంది: "ఆయనకి పీరియడు అయిపోయిందిరా అబ్బాయ్. నువ్వింకా పరీక్ష రాస్తున్నావు."

నేను కూడా నవ్వాను. వీధిలో ఆకుకూరల ఆవిడ కేక వినిపించి పెద్దమ్మ సంచీ తీసుకుని బయటికి వెళ్లింది. ఆకుకూరల తర్వాత పక్కింటివాళ్ల వరండాలో కూర్చుంది. ఆమెకు అది రోజూ ఉన్న అలవాటే.

ఆ తర్వాత పెరట్లో బోరింగు కీచుమంది. అది కూడా విన్నాను. పక్కింటివాళ్లు కూడా ఆ బోరింగే కొట్టుకునేవాళ్లు, మధ్య గోడలో దానికోసం చిన్న గేటు ఉంది. వాళ్లే అనుకున్నాను. లేచి చూస్తే అయిపోయేది. బాత్రూము గుమ్మం దాటి వంటింటి తలుపు దగ్గరికి ఎనిమిది అడుగులు వేస్తే బోరింగు కనిపిస్తుంది. విరిగిన మర ముక్క అప్పుడే కదలడం మొదలుపెట్టింది. నేను లేవలేదు.

పదకొండు ఇరవై ఏడుకు నాలుగు దెబ్బలు, వెంటవెంటనే.

నాలుగు అనేది మా లెక్కలో లేదు. చెంబుతో కుళాయి మీద తుప్పు రాలగొడుతున్నాడేమో అనుకున్నాను. కాకపోతే కోపంగా ఉన్నాడనుకున్నాను. మూడు కొట్టాను. నోటు పుస్తకంలో "నాలుగు" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

కొద్దిసేపటికి అయిదు. ఇవి ఎడంఎడంగా వచ్చాయి. మూడోది చాలా మెల్లగా వచ్చింది. చెయ్యి పైపు మీద లేకపోతే అది నాకు తెలిసేది కాదు. అప్పుడే మర ముక్క ఊడి నా అరచేతిలో పడింది. నాకు సంతోషం వేసింది. ఇంకో పావుగంట, పెదనాన్నా, అని నాలో నేను అనుకున్నాను. మూడు కొట్టాను.

పదకొండు ముప్పై ఆరుకు ఒకటి.

ఒకటి అంటే మాకు సరే అని. ఆయన ఒప్పుకున్నాడు, ఆగుతాడు అనుకున్నాను. తొందర తగ్గింది. కొత్త వాల్వు మరకు దారం చుట్టడం మొదలుపెట్టాను. మొదటి చుట్టు నచ్చక విప్పేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టాను. సఫేదా పలచగా, అంతటా సమంగా రాశాను. అంత శుభ్రంగా నేను చుట్టిన మర అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. వాల్వు బిగించి, చక్రం నిట్టనిలువుగా వచ్చేలా చివరి పావు చుట్టు సరిచేశాను. డాబా ఎక్కి బిరడా తీశాను. పదకొండు యాభైకి వాల్వు తెరిచి చూశాను. ఒక్క చుక్క కూడా కారలేదు.

నీళ్లు వదిలానని చెప్పడానికి పైపు మీద రెండు కొట్టాను. ఆయన ఒకటి కొట్టాలి. నేను వేచి ఉన్నాను. మళ్లీ రెండు కొట్టాను.

పెరట్లోకి వచ్చేసరికి వెనక బాత్రూము తలుపు కింద నుంచి నీళ్లు బయటికి పారుతున్నాయి. కుళాయి తెరిచే ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. బయట మెట్టు మీద బకెట్టు అడుగు గుండ్రంగా తడి ముద్ర. అది ఎండలో అంచుల నుంచి ఆరిపోతూ ఉంది.

పక్కింటాయన గునపం తెచ్చాడు. గడియ ఊడేసరికి పదకొండు యాభై ఏడు. పెదనాన్న గోడకు ఆనుకుని, పైపు పక్కన కూర్చుని ఉన్నాడు. చెంబు ఆయన ఒళ్లో ఉంది. నిండుగా నీళ్లున్న బకెట్టు ఎదురుగా ఉంది, దానిలో చెంబు ముంచిన గుర్తు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు. ఏదో అనబోయాడు కానీ మాట రాలేదు. చెయ్యి ఎత్తి వేళ్లతో నా ముంజేతి మీద తట్టాడు. ఎన్నిసార్లు తట్టాడో అప్పుడు మాత్రం లెక్కపెట్టలేదు.

కారు దొరకడానికి పావుగంట పట్టింది. తెనాలి దారిలో పెద్దమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఒక కీర్తనలో రెండు చరణాలే మళ్లీ మళ్లీ మెల్లగా పాడుతూ కూర్చుంది. ఆసుపత్రిలో మార్చిలో చూసిన డాక్టరే ఉన్నాడు. పెదనాన్నను లోపలికి తీసుకెళ్లాక నన్ను తలుపు పక్కకు పిలిచాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పదకొండు ఇరవై ఏడు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

పైపు సంగతి చెప్పాను. 

"నువ్వు చూసింది?"

"పదకొండు యాభై ఏడు."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. రాస్తూ, "అరగంట" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనిపించేది.

పెదనాన్న ఆ సాయంత్రం చీకటి పడకముందే పోయాడు. మర్నాడు రేపల్లెలో సమాధుల దొడ్డికి తీసుకెళ్లాం. చర్చి గంట ఒక్కొక్కటిగా కొట్టారు. మా నాన్న నా పక్కన నడుస్తూ, గంటను చూడొద్దురా, ముందుకు చూసి నడువు అన్నాడు. నేను గంటను చూడటం లేదు. లెక్కపెట్టకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాను.

మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక పెద్దమ్మ నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. గ్లాసులు కడిగి బోర్లిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నేనున్నప్పుడు రెండుసార్లు కొట్టారు. రెండూ, రెండూ. అది నీళ్ల కోసమే కదరా?"

"అవును పెద్దమ్మా."

"నేను వీధిలోకెళ్లాక మళ్లీ కొట్టారా?"

ఆమె చేతిలో గ్లాసు ఆగింది. వెళ్లి పక్కింట్లో కూర్చున్న పాపం ఆమె నెత్తిన వేసుకుంటోందని నాకు అర్థమైంది. నాది ఎలాగూ నాకు ఉంది.

"లేదు పెద్దమ్మా."

"ఒక్కసారి కూడా?"

"లేదు."

"అయితే బాధపడలేదన్నమాట. పిలిచే అంత టైము కూడా పట్టలేదు" అంది. గ్లాసు బోర్లించింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేది. అమృతలూరు నుంచి వచ్చిన ఆమె చెల్లెలికీ, పాస్టరు గారికీ, బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకీ. నీళ్ల కోసం నాలుగంటే నాలుగే కొట్టారు, ఆ తర్వాత కునుకు పట్టినట్టు ఒరిగిపోయారు, దేవుడు ఆయన్ని కష్టపెట్టలేదు, కావాలంటే అబ్బాయినే అడగండి, పైపు వాడి చేతిలోనే ఉంది అనేది. వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నేను తల ఊపేవాణ్ణి. ఇది ఏడేళ్లు జరిగింది. ఆ ఏడేళ్లలో ఆ వాల్వు ఒక్కసారి కూడా కారలేదు. వెనక బాత్రూము ఎవరూ వాడలేదు కాబట్టి దాన్ని తెరిచే అవసరం కూడా రాలేదు.

పెద్దమ్మ ఈ ఏడాది ఈస్టరుకు ముందు పోయింది. ఆమెను పెదనాన్న పక్కనే పెట్టారు. ఇంట్లో సామాన్లు సర్దుతుంటే బీరువాలో ఆయన బైబిలు కింద నా పాత నోటు పుస్తకం దొరికింది. నేను పోయిందనుకున్నది. ఆమె తెలుగు బాగా చదవగలిగేది. అందులో పేజీలు ఏవీ చినగలేదు, ఎక్కడా గీత లేదు. ఆమె ఎప్పుడు చూసిందో, చూసిందో లేదో నాకు తెలియదు. నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు. చివరి దాకా అందరికీ ఆ నాలుగే చెప్పింది.

పని కాగితం అలాగే ఉంది. మొదలు: పది అయిదు. ముగింపు: పదకొండు యాభై. అంతరాయాలు వరసగా నా అక్షరాల్లో ఉన్నాయి, ఒకదాని పక్కన ప్రశ్న గుర్తుతో సహా. పెద్దమ్మ వీధిలోకి వెళ్లకముందు కొట్టినవి నాలుగు. వెళ్లాక కొట్టినవి పది.